పురుగుల జబ్బు పిల్లలకేనా?

కడుపులో పురుగులంటే పిల్లల జబ్బని తోసేసేవాళ్లతో నాకు పేచీ ఉంది. జాతీయ నులిపురుగుల నివారణ దినం 1 నుంచి 19 ఏళ్లవాళ్ల కోసం పెట్టింది. మరి బతుకంతా వట్టి కాళ్లతో చేలో దిగిన మన అవ్వాతాతల సంగతేంటి?

స్ట్రాంగిలాయిడిస్ అనే పురుగు తడిమట్టిలోంచి పాదం చర్మం గుండా దూరుతుంది. లోపలే సంతానం పెంచుకుంటూ దశాబ్దాలు దాక్కుంటుంది. ఉబ్బసానికో కీళ్లవాతానికో స్టెరాయిడ్ మొదలుపెడితే ఒంటి కాపలా తగ్గుతుంది. అప్పుడు పురుగులు విపరీతంగా పెరిగి ప్రాణం తీయగలవు.

"మలపరీక్షలో ఏమీ లేదు" అంటారు. ఒక్కసారి చూస్తే తప్పిపోవడం మామూలే. మళ్లీ చూడాలి, రక్తపరీక్ష కూడా ఉంది. ఇజినోఫిల్ కణాలు పెరిగితే అనుమానించాలి, పెరగలేదని వదిలేయకూడదు. ఒక్క అల్బెండజోల్ మాత్ర దీనికి చాలదు. అసలు మందు ఐవర్‌మెక్టిన్, కిలో బరువుకి 200 మైక్రోగ్రాముల లెక్కన, అదీ డాక్టరు రాస్తేనే.

అందరికీ పరీక్షలు చేయమనడంలేదు. "చేలో వట్టి కాళ్లతో పనిచేశారా?" అని ఒక్క మాట అడగమంటున్నాను. అడక్కుండా స్టెరాయిడ్ రాయడం సిగ్నల్ చూడకుండా బండి వదలడమే. వాళ్లు అడక్కపోతే మనమే చెప్పాలి. వాడుతున్న స్టెరాయిడ్ మాత్రం సొంతంగా ఆపకండి.

మన సంఘం శిబిరంలో షుగరు, బీపీ చూసి పంపేస్తున్నాం. వచ్చే శిబిరం చీటీలో ఈ ప్రశ్న కూడా ఉండాలి.