ఇంజెక్టర్ విప్పే ముందు నంబర్ వేయండి

డీజిల్ కారుకు హెడ్ గ్యాస్కెట్ పోయిందనగానే ఇంట్లో అందరిదీ ఒకటే ప్రశ్న: "ఎంతవుతుంది?" నిజానికి గ్యాస్కెట్ పెద్ద ఖరీదేం కాదు. పల్చటి స్టీలు రేకుల పొర, అంతే. ఖర్చంతా దాని దాకా వెళ్లడంలో, అక్కడి నుంచి క్షేమంగా తిరిగి రావడంలో ఉంటుంది. ఆ దారిలో అడ్డంగా నిలబడేవి ఇంజెక్టర్లు. వాటిని సరిగ్గా తీసి, శుభ్రం చేసి, సరిగ్గా కూర్చోబెట్టకపోతే కొత్త గ్యాస్కెట్ వేసినా బండి మళ్లీ షెడ్డుకే వస్తుంది. ఈ వారం కోడింగ్, ఫోన్లు, యాప్‌లు పక్కన పెట్టి వాటి గురించే మాట్లాడుకుందాం.

మా బాబాయ్ కారు అద్దెకు తిప్పుతాడు. ఎల్లో బోర్డు, నాలుగు సిలిండర్ల కామన్ రైల్ డీజిల్, మీటర్ మీద 2 లక్షల 80 వేల కిలోమీటర్లు. పోయిన నెల రాజమండ్రి వెళ్తుంటే ఏలూరు దాటాక హోస్ పైపు చిట్లింది. కూలెంట్ మొత్తం రోడ్డు పాలు. టెంపరేచర్ ముల్లు లేవడం చూసి బండి ఆపేసరికే ఇంజన్ బాగా కాగిపోయింది. హోస్ మార్చి నాలుగు రోజులు తిప్పాక అసలు కథ మొదలైంది. పొద్దున స్టార్ట్ చేస్తే తెల్లటి పొగ, కూలెంట్ డబ్బాలో బుడగలు, ఆయిల్ మూత తీస్తే మజ్జిగ మీద నురగలాంటిది. (ఆ నురగ ఒక్కటే చూసి కంగారు పడకండి. చలికాలంలో చిన్న చిన్న దూరాలు తిరిగే బండ్లలో కూడా వస్తుంది. బుడగలు కూడా తోడైతేనే అనుమానించాలి.)

మొదట చూపించిన వర్క్‌షాప్‌లో హెడ్ పనితో పాటు నాలుగు ఇంజెక్టర్లూ కొత్తవి వేయాల్సిందేనని అంచనా రాసిచ్చారు. ఇంజెక్టర్లకే 60 వేలు దాటింది. "టెస్ట్ చేశారా?" అంటే, "ఇంత తిరిగిన బండికి టెస్టేంటి సార్" అన్నారు. బాబాయ్‌కి ఆ కారు మీద ఇంకా 14 నెలల ఈఎమ్ఐ ఉంది. బండి ఆగిన ప్రతి రోజూ రెండు వైపులా నష్టమే. అందుకే కారును విజయవాడ ఆటోనగర్‌లో బాబాయ్‌కి తెలిసిన మేస్త్రీ దగ్గరికి లాక్కెళ్లాం. నాకు ఆ వారం వర్క్ ఫ్రమ్ హోమ్. హోమ్ బదులు షెడ్డు అయింది. వెనకాల గ్రైండర్ మోగుతుంటే స్టాండప్ కాల్‌లో మ్యూట్ తీయడానికి చాలా ధైర్యం కావాలి.

అసలు ఈ ఇంజెక్టర్ చేసే పనేంటి? డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే అది వేడెక్కుతుంది, ఆ వేడి గాలిలోకి డీజిల్‌ని పొగమంచులా చల్లితే దానంతట అదే అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ 1897లో నడిపించిన ఇంజన్‌లో ఇంధనాన్ని కంప్రెసర్ గాలితో ఊది లోపలికి పంపేవారు. 1927లో బాష్ కంపెనీ డీజిల్ పంపుల తయారీ మొదలుపెట్టాక ఆ కంప్రెసర్ గోల తగ్గిపోయింది. 1997లో ఆల్ఫా రోమియో 156తో కామన్ రైల్ పద్ధతి కార్లలోకి వచ్చింది. అంటే ఒక పైపులో డీజిల్‌ని ఎప్పుడూ భారీ ఒత్తిడిలో నిలవ ఉంచి, ఎప్పుడు ఎంత వదలాలో కంప్యూటర్ చెబితే ఇంజెక్టర్ తెరుచుకుంటుంది.

ఆ ఒత్తిడి ఎంతో తెలుసా? చాలా కార్లలో 1600 బార్, ఇంకా ఎక్కువ కూడా ఉంటుంది. మీ కారు టైర్లో గాలి 2 బార్ చిల్లర. అంటే దానికి 700 రెట్లు. ఆ ఒత్తిడిని వెంట్రుక మందమంత రంధ్రాల్లోంచి చిమ్మాలి. ఇంజన్ 2000 ఆర్‌పీఎమ్ దగ్గర ఉంటే ఒక్కో ఇంజెక్టర్ వంతు సెకనుకు 16 సార్లకు పైనే వస్తుంది. వచ్చిన ప్రతిసారీ ముందు ఓ చిన్న చుక్క, ఆ తర్వాత అసలు డోసు. ఆ ముందు చుక్క వల్లే ఇప్పటి డీజిల్ కార్లు పాత జీపుల్లా టకటకలాడవు. లోపల కదిలే భాగాల మధ్య సందు కొన్ని మైక్రాన్లు. మిల్లీమీటర్లో వెయ్యో వంతు ఒక మైక్రాన్. కంటికి కనపడని దుమ్ము రేణువు కూడా అక్కడికి బండరాయే.

అందుకే మేస్త్రీ విప్పడం మొదలుపెట్టే ముందు చేసిన పని ఇంజన్ పైభాగం కడగడం. బ్రష్షు, డీజిల్, ఆపైన గాలి. పైపు నట్టు వదులు చేసిన మరుక్షణం రెండు వైపులా మూతలు బిగించాడు. మూతలు లేని షెడ్డులో గుడ్డపీలికలు కుక్కుతారు, ఆ పీలిక నుంచి ఊడే పోగులు చాలు నాజిల్ మూసుకుపోవడానికి. హై ప్రెషర్ పైపులు తీస్తే కొత్తవే వేయమని చాలా కంపెనీలు చెబుతాయి. ఆ నాలుగు పైపులూ మేస్త్రీ ముందే చీటీలో రాశాడు.

నా వాటా ఇక్కడ వచ్చింది. ప్రతి ఇంజెక్టర్ నెత్తిన అక్షరాలు, అంకెలు కలిసిన చిన్న కోడ్ చెక్కి ఉంటుంది. ఫ్యాక్టరీలో ఏ రెండు ఇంజెక్టర్లూ అచ్చంగా ఒకేలా రావు. ఒకటి రవ్వంత ఎక్కువ చల్లుతుంది, ఇంకోటి రవ్వంత తక్కువ. ఆ తేడాని కొలిచి కోడ్ రూపంలో ఇస్తారు, దాన్ని ఇంజన్ కంప్యూటర్‌లో ఫలానా సిలిండర్‌కి ఎక్కిస్తారు. మన భాషలో చెప్పాలంటే కీ, వాల్యూ. మూడో దాని స్థానంలో రెండోది పెడితే ఎర్రర్ మెసేజ్ ఏమీ రాదు. బండి స్టార్ట్ అవుతుంది, నడుస్తుంది. ఐడిల్‌లో వణుకు, పొగ, మైలేజ్ తగ్గడం మాత్రం ఉంటాయి. ఇలాంటి బగ్ పట్టుకోవడం ఎంత నరకమో సాఫ్ట్‌వేర్ వాళ్లకి చెప్పక్కర్లేదు. అందుకే విప్పకముందే నాలుగు కోడ్‌లూ ఫొటో తీశాను, నాలుగు జిప్ కవర్ల మీద మార్కర్‌తో 1, 2, 3, 4 రాశాను. ఒకటో సిలిండర్ ఎటు వైపు నుంచి లెక్కపెట్టాలో కూడా మాన్యువల్‌లో చూసుకోవాలి. ఎక్కువ ఇంజన్లలో బెల్టు వైపు నుంచి, కొన్ని ఫ్రెంచ్ ఇంజన్లలో మాత్రం ఫ్లైవీల్ వైపు నుంచి.

మూడు ఇంజెక్టర్లు తేలిగ్గా వచ్చాయి. మూడోది రాలేదు. దాని చుట్టూ తారులాంటి నల్లటి ముద్ద గట్టిపడి ఉంది. ఇంజెక్టర్ కింద రాగి వాషర్ ఉంటుంది, అది సరిగ్గా సీల్ కాకపోతే మండిన గ్యాస్ పక్కల నుంచి పైకి తన్నుకొచ్చి ఇలా పేరుకుంటుంది. బ్రిటన్ మెకానిక్కులు దీన్ని 'బ్లాక్ డెత్' అంటారట, పేరు సరిగ్గానే పెట్టారు. బాబాయ్ పాపం, "స్పానర్ వేసి తిప్పెయ్ మేస్త్రీ" అన్నాడు. "తిప్పితే తల చేతికొస్తుంది, మొండెం హెడ్‌లో ఉంటుంది. అప్పుడు హెడ్డే కొనాలి. ఏమంటావ్?" అన్నాడాయన. బాబాయ్ టీ తాగడానికి వెళ్లిపోయాడు. తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా నాననిచ్చి, మర్నాడు స్లైడ్ హ్యామర్‌తో నిటారుగా లాగితే వచ్చింది.

ఇక శుభ్రం చేయడం. షెడ్డులో పనిచేసే కుర్రాడు వైర్ బ్రష్షు తీసుకుని నాజిల్ కొన మీద మొదలుపెట్టబోయాడు. మేస్త్రీ కేకకి పక్క షెడ్డువాళ్లు కూడా తిరిగి చూశారు. స్టీలు బ్రష్షు ఆ సన్నటి రంధ్రాల అంచుల్ని గీరేస్తుంది, అంచు చెడితే చల్లే ఆకారం చెడుతుంది. పొగమంచులా రావాల్సింది ధారలా వస్తే పిస్టన్ ఒకే చోట కాలుతుంది. బయటి ఒంటికి మెత్తటి బ్రష్షు, క్లీనర్ చాలు. కొనను ముట్టుకోకూడదు. అది అల్ట్రాసోనిక్ ట్యాంకు పని.

ఆటోనగర్‌లోనే డీజిల్ పంపు షాపుకి నాలుగూ తీసుకెళ్లాం. అల్ట్రాసోనిక్ ట్యాంకులో నానబెట్టాక టెస్ట్ బెంచ్ మీద ఎక్కించారు. ఐడిల్‌లో ఎంత చల్లుతోంది, ఫుల్ లోడ్‌లో ఎంత, ముందు చుక్క ఎంత, వెనక్కి రిటర్న్ పైపులోకి ఎంత పోతోంది, అన్నీ కొలుస్తారు. ఒకటి, రెండు, నాలుగు పరిమితుల్లోనే ఉన్నాయి. మూడో దానికి రిటర్న్ ఎక్కువ. లోపలి వాల్వ్ అరిగింది. అది మార్చి, మళ్లీ బెంచ్ ఎక్కించి, దానికి కొత్త కోడ్ ఇచ్చారు. 60 వేల అంచనా ఇంజెక్టర్ల వరకు 11 వేలకి దిగింది. మూడు మంచి ఇంజెక్టర్లు చెత్తబుట్ట పాలు కాకుండా మిగిలాయి. మీకెవరైనా "నాలుగూ మార్చాలి" అంటే బెంచ్ రిపోర్ట్ కాగితం అడగండి. కాగితం లేకుండా మాట నమ్మకండి.

ఈలోగా హెడ్ లేత్ షాపులో ఉంది. స్ట్రెయిట్ ఎడ్జ్ అడ్డంగా పెట్టి కింద ఫీలర్ గేజ్ దూర్చి వంపు చూస్తారు. మాది అదృష్టవశాత్తూ పరిమితిలోనే ఉంది. వంపు ఉందని ఫేసింగ్ కొట్టిస్తే ఇంకో చిక్కుంది, దీని గురించి ఎవరూ చెప్పరు. హెడ్ అడుగు ఎంత చెక్కితే ఇంజెక్టర్ కొన అంత ఎక్కువగా బయటికి పొడుచుకొస్తుంది. అందుకే కొన్ని కంపెనీలు ఫేసింగే వద్దంటాయి. గ్యాస్కెట్ కూడా ఏదో ఒకటి కొంటే కుదరదు. చాలా డీజిల్ ఇంజన్లకి రెండు మూడు మందాల్లో వస్తుంది. పిస్టన్ బ్లాక్ పైకి ఎంత లేస్తోందో కొలిచి ఎంచుకోవాలి. అంచున ఉండే చిన్న రంధ్రాలో గాట్లో లెక్కపెడితే ఏ మందమో తెలుస్తుంది. హెడ్ బోల్టులు కొత్తవి, బిగించేది మధ్య నుంచి బయటికి, ముందు టార్క్, తర్వాత డిగ్రీల్లో.

ఇంజెక్టర్లు తిరిగి పెట్టేటప్పుడు మేస్త్రీ ఎక్కువ సేపు గడిపింది గుంతల్లో. టార్చ్ వేసి చూస్తే మూడో గుంత అడుగున పాత రాగి వాషర్ అతుక్కునే ఉంది. దాని మీదే కొత్తది వేసేస్తే రెండు వాషర్లవుతాయి, కొన పైకి లేస్తుంది, గ్యాస్ మళ్లీ లీకవుతుంది. అసలు ఆ నల్ల ముద్దకి కారణం కూడా ఇలాంటి పనే అయ్యుండొచ్చు, ఎవరో ఎప్పుడో చేసినది. హెడ్ దింపి ఉంది కాబట్టి వాషర్ తీయడం, సీటు గీకడం, రాలిన కార్బన్ ఊదేయడం సులువైంది. హెడ్ బండి మీదే ఉంటే కట్టర్‌కి గ్రీజు పూసి రాలిన పొడి లోపల పడకుండా చూసుకోవాలి.

కొత్త వాషర్, అదే మందం. ఇంజెక్టర్లు కూర్చోబెట్టి పైపుల నట్లు రెండు వైపులా చేత్తోనే ఎక్కించాడు. పైపు తిన్నగా కూర్చుందని చూసుకున్నాకే క్లాంప్ బోల్టు టార్క్ రెంచ్‌తో, ఆఖరున పైపు నట్లు. ముందే క్లాంప్ బిగించేస్తే పైపుని బలవంతంగా వంచాల్సి వస్తుంది, ఆ ఒత్తిడి తర్వాత లీకు రూపంలో బయటపడుతుంది.

స్టార్ట్ చేసేటప్పుడు ఒక హెచ్చరిక, ఇది సీరియస్. పాత లారీల్లో గాలి తీయడానికి ఇంజన్ తిరుగుతుండగా నాజిల్ పైపు నట్టు వదులు చేసేవాళ్లు. కామన్ రైల్‌లో ఆ పని చేయొద్దు. ఆ ఒత్తిడిలో వచ్చే డీజిల్ చర్మంలోంచి లోపలికి దూసుకెళ్తుంది. చూడ్డానికి సూది గుచ్చినట్టు చిన్న చుక్కే ఉంటుంది, నొప్పి కూడా మొదట పెద్దగా ఉండదు, కానీ వెంటనే ఆపరేషన్ చేయకపోతే వేలో చెయ్యో పోవచ్చు. లీకు చూడాలన్నా చేత్తో తడమకూడదు, అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి. మేస్త్రీ హ్యాండ్ ప్రైమర్ నొక్కి, నాలుగైదుసార్లు కీ ఆన్ చేసి ఆపి, తర్వాతే క్రాంక్ చేశాడు. మూడోసారికి అందుకుంది. అంతకు ముందే స్కానర్‌తో మూడో సిలిండర్‌కి కొత్త కోడ్ ఎక్కించాం. నేను చదివాను, ఆయన కొట్టాడు, నేను మళ్లీ సరిచూశాను. ఐడిల్‌లో నాలుగు సిలిండర్ల కరెక్షన్ విలువలూ సున్నాకి దగ్గరగా వచ్చాయి. నా 800 రూపాయల బ్లూటూత్ ఓబీడీ డాంగిల్‌లో మాత్రం ఈ విలువలు కనిపించలేదు. మామూలు యాప్‌లు ఆ కంపెనీ డేటా చదవలేవు, దానికి అసలు స్కానర్ కావాల్సిందే.

"మాకు కారు లేదు, బైకే" అంటారా? 2020 ఏప్రిల్‌లో బీఎస్6 వచ్చాక దాదాపు అన్ని కొత్త బైకులకీ ఇంజెక్టర్ ఉంది. పెట్రోల్ ఇంజెక్టర్ ఒత్తిడి 3 బార్ చుట్టుపక్కలే కాబట్టి ఇంత భయం లేదు. కానీ క్లీనింగ్‌కి తీసినప్పుడు రబ్బరు ఓ-రింగులు కొత్తవి వేయించండి, చుక్క శుభ్రమైన ఇంజన్ ఆయిల్ రాసి నెమ్మదిగా దించమనండి. పొడిగా నెడితే రింగు చిట్లుతుంది, ట్యాంకు కింద పెట్రోల్ కారుతుంది, పక్కనే వేడి ఇంజన్.

బాబాయ్ కారు ఇప్పటికి 1,900 కిలోమీటర్లు తిరిగింది. కూలెంట్ గీత కదల్లేదు. వెళ్లేటప్పుడు మేస్త్రీ ఆయనకి ఒకటే పని అప్పగించాడు: డీజిల్ ఫిల్టర్ అడుగున చేరే నీళ్లు అప్పుడప్పుడు వదిలించమని. మొన్న ఆదివారం వదిలించాడట. బాటిల్ మూతలో రెండు మూతల నీళ్లు, ఫొటో వాట్సాప్‌లో పెట్టాడు. ఏ బంకులో కొట్టించావు బాబాయ్ అని అడిగాను. బ్లూ టిక్ వచ్చింది, సమాధానం ఇంకా రాలేదు.