తెలియకపోతే తెలియదనొచ్చుగా!

2006లో ట్రాయ్‌లోని మా ఆఫీసుకి హైదరాబాదు నుంచి కొత్త ఉద్యోగుల ఫైలు వచ్చేది. చేరిన తేదీలన్నీ మన పద్ధతిలో, రోజు ముందు, నెల తరువాత. ఎక్సెల్ మాక్రోల్లోని సీడేట్ ఫంక్షను తేదీని కంప్యూటరు సెట్టింగు ప్రకారం చదువుతుందని హెల్పులో రాసుంది. అమెరికా సెట్టింగులో నెల ముందు కదా, 25/04 ఇస్తే తప్పని చెప్పాలి. చెప్పదండీ! గుట్టుగా తిరగేసి ఏప్రిల్ 25 చేసేస్తుంది. మేం టెస్టు చేసింది నెలాఖరు ఫైలుతో, అన్నీ పాస్! తీరా 08/05 వచ్చేసరికి అది ఆగస్టు 5 అయి కూర్చుంది. మే 8న చేరిన కుర్రాడికి మొదటి జీతం ఆగిపోయింది.

ఫార్మాటు చెప్పకపోవడం మా తప్పేనన్నారు. సగమే ఒప్పుకుంటాను. దారి తెలియకపోయినా చెయ్యి చూపించిన పెద్దమనిషిని వదిలేసి, పక్కూరు చేరినవాణ్ణి తిడితే ఎలా? అనుమానం వస్తే ఫంక్షను ఆగిపోవాలి, ఊహించకూడదు.

ఆ కుర్రాడు ఇప్పటికీ నెల పేరు అక్షరాల్లోనే రాస్తాడు.