వెలగమని ఎవరు చెప్పారు?



"పదార్థానికి స్థితులు ఎన్ని?" అని అడిగితే మీరు తడుముకోకుండా ఘన, ద్రవ, వాయు స్థితులు చెబుతారు. ఇంకొంచెం చదివినవారు "నాలుగోది ప్లాస్మా" అని కూడా అంటారు. "దానికి ఉదాహరణలు?" అంటే సూర్యుడు, మెరుపు, ట్యూబులైటు, ప్లాస్మా టెలివిజన్ అని జవాబు వస్తుంది. మార్కులు పడతాయి. పాఠం ముగుస్తుంది.

నేనూ చాలా ఏళ్ళు అలాగే ముగించాను. 2008 ప్రాంతంలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి, "సార్, తెర నిండా వాయువే ఉంటే, ఏ చోట వెలగాలో, ఏ చోట వెలగకూడదో దానికి ఎవరు చెబుతారు?" అని అడిగింది. నేను నీళ్ళు నమిలి, "అది మన సిలబస్‌లో లేదమ్మా, కూర్చో" అన్నాను. కూర్చుంది. ఆ ఏడాది మళ్ళీ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

ఆ జవాబు నేర్చుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. ఇప్పుడు మీకు చెబుతున్నాను. దానితోపాటు నా అభిప్రాయం కూడా చెబుతాను. ఒక వస్తువు దేనితో తయారైందో తెలుసుకోవడం సగం విజ్ఞానమే. దానికి ఎవరు, ఎప్పుడు, ఎలా ఆజ్ఞ ఇస్తున్నారో తెలుసుకోవడం మిగతా సగం. ఆ రెండో సగాన్ని మన తరగతి గదులు వదిలేస్తున్నాయి.

గతం గుర్తుంచుకునే దీపం

కరెంటు ఉందో లేదో చూడటానికి ఎలక్ట్రీషియన్ వాడే టెస్టరును మీరు చూసే ఉంటారు. అందులో నారింజ రంగులో వెలిగే చిన్న దీపంలో నియాన్ వాయువు ఉంటుంది. మామూలుగా వాయువు విద్యుద్బంధకం. తక్కువ వోల్టేజి ఇస్తే దానిలో చలనం ఉండదు. వోల్టేజి ఒక హద్దు దాటగానే అందులో ఉన్న ఒకటి రెండు ఎలక్ట్రాన్లు వేగం పుంజుకొని పరమాణువులను ఢీకొంటాయి. వాటి నుంచి కొత్త ఎలక్ట్రాన్లు ఊడివస్తాయి. అవి మరికొన్నింటిని ఢీకొంటాయి. క్షణంలో వాయువు అయాన్లతో, ఎలక్ట్రాన్లతో నిండి వెలుగుతుంది. అదే ప్లాస్మా.

ఇందులో ఒక తమాషా ఉంది. వెలిగించడానికి కావలసినంత వోల్టేజి, వెలుగుతూ ఉంచడానికి అక్కరలేదు. ఒక నియాన్ దీపం 90 వోల్టుల దగ్గర వెలుగుతుంది, 60 వోల్టులకు తగ్గితేనే ఆరుతుంది అనుకోండి. అయితే 75 వోల్టుల దగ్గర ఆ దీపం వెలిగి ఉంటుందా, ఆరి ఉంటుందా? వోల్టేజిని చూసి చెప్పలేం. అంతకుముందు వెలిగి ఉంటే వెలిగే ఉంటుంది. ఆరి ఉంటే ఆరే ఉంటుంది. అంటే ఆ దీపానికి తన గతం గుర్తుందన్నమాట!

ఇలాంటి జ్ఞాపకశక్తినే పెట్టుబడిగా పెట్టి 1964లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ముగ్గురు ప్లాస్మా తెరను కనిపెట్టారు. వారు డొనాల్డ్ బిట్జర్, జీన్ స్లోటో, రాబర్ట్ విల్సన్. వీరిలో విల్సన్ అప్పటికి పరిశోధక విద్యార్థి. ఎందుకోసం కనిపెట్టారో తెలుసా? సినిమాలు చూడటానికి కాదు, మీవంటి విద్యార్థుల కోసం! అక్కడ "ప్లేటో" అనే కంప్యూటర్ ద్వారా పాఠాలు చెప్పే ప్రయత్నం జరుగుతోంది. మామూలు టెలివిజన్ తెర మీద బొమ్మ నిలవాలంటే, ఆ బొమ్మను ఎక్కడో గుర్తుపెట్టుకొని సెకనుకు ఎన్నోసార్లు మళ్ళీ మళ్ళీ గీయాలి. ఆ రోజుల్లో కంప్యూటర్ మెమరీ చాలా ఖరీదు. "తెరే బొమ్మను గుర్తుపెట్టుకుంటే పోలేదా?" అని వారు ఆలోచించారు. 1970లలో ప్లేటో వాడిన నారింజ రంగు తెరల్లో అడ్డంగా 512, నిలువుగా 512, మొత్తం 2,62,144 చుక్కలు ఉండేవి.

గోడ మీది ఆవేశం

వారి ఉపాయం ఇది. ఎలక్ట్రోడులను వాయువుకు తగలనివ్వకుండా గాజుకు అవతల ఉంచారు. వాటికి దిశ మారుతూ ఉండే వోల్టేజి ఇచ్చారు. చిన్న గదిలోని వాయువు వెలగగానే ఎలక్ట్రాన్లు ఒకవైపు, ధన అయాన్లు మరోవైపు పరుగెత్తుతాయి. కాని ఎలక్ట్రోడును చేరలేవు, మధ్యలో గాజు ఉంది. అందుచేత అవి గాజు గోడల మీదే పేరుకుంటాయి. అలా పేరుకున్న ఆవేశం బయటి వోల్టేజికి ఎదురు నిలిచి వెలుగును ఆర్పేస్తుంది. ఇదంతా సెకనులో పది లక్షల వంతు లెక్కన జరిగిపోతుంది. ఆ తర్వాత బయటి వోల్టేజి దిశ మారగానే, ఇందాక ఎదురు నిలిచిన ఆవేశమే ఇప్పుడు తోడు నిలుస్తుంది. గది మళ్ళీ వెలుగుతుంది.

ఒక లెక్క చూద్దాం. వాయువు వెలగడానికి 250 వోల్టులు కావాలనుకోండి. మనం అన్ని గదులకూ 180 వోల్టులే ఇస్తున్నాం. గోడ మీద ఆవేశం ఉన్న గదిలో దానికి 100 వోల్టులు తోడై 280 అవుతుంది. అది వెలుగుతుంది. ఆవేశం లేని గదికి 180 చాలదు. అది చీకటిగానే ఉంటుంది. అందరికీ ఒకే వోల్టేజి ఇస్తున్నా, వెలిగేవి వెలుగుతూ, ఆరినవి ఆరే ఉంటాయి.

తర్వాత వచ్చిన రంగుల తెరల్లో నియాన్‌తో పాటు జెనాన్ కలిపారు. జెనాన్ ఇచ్చే అతినీలలోహిత కిరణాలు కంటికి కనిపించవు. అవి గది గోడలకు పూసిన ఫాస్ఫరు పూతను తాకినప్పుడు ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులు వస్తాయి. ట్యూబులైటులో జరిగేదీ ఇటువంటిదే.

డ్రిల్లు మాస్టారి మూడు ఆజ్ఞలు

ఇక ఆ అమ్మాయి ప్రశ్నకు వద్దాం. లక్షలాది గదుల్లో ఏది వెలగాలో ఎవరు చెబుతారు?

ఆగస్టు 15న మైదానంలో పిల్లలందరూ వరుసలు తీరి నిలబడ్డారనుకోండి. ప్రతి ఒక్కరి చేతిలో ఒక జెండా ఉంది. డ్రిల్లు మాస్టారు మొదట ఒక ఈల వేస్తారు. అందరూ చేతులు దించి, పాత చీటీలు పారేస్తారు. రెండో పనిగా ఆయన ఒక్కొక్క వరుస దగ్గరకే వచ్చి, ఆ వరుసలో కావలసినవారి జేబుల్లో మాత్రమే కొత్త చీటీలు వేయిస్తారు. ఇంకా ఎవరూ జెండా ఎత్తకూడదు. అన్ని వరుసలూ పూర్తయ్యాక మూడో పనిగా డప్పు మోగుతుంది. చీటీ ఉన్నవారు డప్పు దెబ్బ పడ్డప్పుడల్లా జెండా ఎత్తుతారు. లేనివారు కదలరు. డప్పు అందరికీ ఒకటే, చీటీలోనే ఉంది తేడా.

ప్లాస్మా తెరను నడిపే ఎలక్ట్రానిక్ సర్క్యూట్లు సరిగ్గా ఈ మూడు పనులే చేస్తాయి. మొదట అన్ని గదుల గోడల ఆవేశాన్ని ఒకే స్థితికి తెస్తాయి. తర్వాత ఒక్కొక్క అడ్డు వరుసను ఎన్నుకొని, కావలసిన నిలువు తీగలకు వోల్టేజి ఇస్తాయి. అడ్డు తీగ, నిలువు తీగ కలిసే చోట మాత్రమే వోల్టేజి చాలినంత అవుతుంది. ఆ గది గోడ మీద ఆవేశం చేరుతుంది. అదే చీటీ. చివరగా తెర అంతటికీ ఒకేసారి దిశ మారే వోల్టేజి ఇస్తాయి. అదే డప్పు. ఆజ్ఞ ఇచ్చే సమయాన్నీ, వెలిగించే సమయాన్నీ ఇలా విడదీసే పద్ధతిని జపాన్‌లోని ఫుజిట్సు కంపెనీలో త్సుతాయే షినోడా బృందం రూపొందించింది. ఆ కంపెనీయే 1992లో 21 అంగుళాల పూర్తి రంగుల తెరను తెచ్చింది.

ఒక రకం 42 అంగుళాల తెరలో అడ్డంగా 852, నిలువుగా 480 చుక్కలు ఉండేవి. చుక్కకు మూడు రంగుల గదులు. మొత్తం 12,26,880 గదులు. ఒక్కొక్క గదికి ఒక్కొక్క తీగ వేయగలమా? వరుస పద్ధతిలో 2,556 నిలువు తీగలు, 480 అడ్డు తీగలు ఉంటే ఎన్నిక జరిగిపోతుంది. మూడు వేల పైచిలుకు తీగలు పన్నెండు లక్షల గదులను ఏలుతున్నాయి!

సగం వెలగడం తెలియని దీపం

ఇంకో చిక్కు ఉంది. ప్లాస్మా గదికి వెలగడం తెలుసు, ఆరడం తెలుసు. సగం వెలగడం తెలియదు. మరి లేత రంగులు, ముదురు రంగులు ఎలా వచ్చాయి?

కాలాన్ని పంచడం ద్వారా వచ్చాయి. సెకనులో 60వ వంతు సమయాన్ని ఎనిమిది భాగాలు చేస్తారు. వాటిలో డప్పు దెబ్బలు 1, 2, 4, 8, 16, 32, 64, 128 నిష్పత్తిలో ఉంటాయి. వెలుగు విలువ 100 కావాలంటే 64, 32, 4 భాగాల్లో గదిని వెలిగించి, మిగతా వాటిలో ఆర్పి ఉంచాలి. ఇలా 0 నుంచి 255 వరకు 256 మెట్లు వస్తాయి. మూడు రంగులనూ కలిపితే 1,67,77,216 ఛాయలు. మీరు కంప్యూటర్ పాఠంలో బట్టీపట్టే ద్విసంఖ్యామానమే ఇది. మన కంటికి ఉన్న దృష్టి స్థిరత వల్ల ఆ ముక్కలన్నీ కలిసి ఒకే వెలుగుగా కనిపిస్తాయి.

ఇప్పుడు ఒక చిన్న లెక్క మీరే చేయండి. ఒక వరుసకు చీటీలు పంచడానికి సెకనులో పది లక్షల వంతులు రెండు పడతాయనుకోండి. 480 వరుసలకు, ఎనిమిది భాగాలకు ఎంత? సుమారు 7.7 మిల్లీసెకన్లు. మన దగ్గరున్నది 16.7 మిల్లీసెకన్లు. దాదాపు సగం సమయం ఆజ్ఞలకే సరిపోయింది! ఆ సమయంలో తెర చీకటిగానే ఉంటుంది. అదే 1,080 వరుసలైతే 17.3 మిల్లీసెకన్లు కావాలి. వెలగడానికి సమయమే మిగలదు. అందుకే ఇంజనీర్లు చీటీలు పంచే వేగాన్ని పెంచారు. కొన్ని తెరలను పై సగం, కింది సగం అని విడదీసి రెండింటికీ ఒకేసారి ఆజ్ఞలిచ్చారు.

చూశారా! నియాన్, జెనాన్ మారలేదు. గాజు మారలేదు. బొమ్మ బాగుపడింది ఆజ్ఞలిచ్చే తీరు బాగుపడటం వల్ల. ఇంకొక ఉదాహరణ. తెర మొత్తం ఒక పెద్ద కెపాసిటర్ వంటిది. వోల్టేజి దిశ మార్చిన ప్రతిసారీ దాన్ని నింపాలి, ఖాళీ చేయాలి. ఆ శక్తి వేడిగా పోయేది. ఇల్లినాయ్‌లోనే పనిచేసిన లారీ వెబర్ 1980లలో ఒక తీగచుట్టను చేర్చి, ఆ శక్తిలో చాలా భాగాన్ని మళ్ళీ వాడుకునే సర్క్యూట్ తయారుచేశాడు. ఉయ్యాల ఒకవైపు దిగిన ఊపుతోనే రెండోవైపు ఎక్కుతుంది కదా, అలా అన్నమాట.

పోయిన వస్తువు, పోని పాఠం

"మాస్టారూ, ప్లాస్మా టెలివిజన్లే ఇప్పుడు తయారు కావడం లేదు కదా, ఈ చదువు ఎందుకు?" అని మీరు అడగవచ్చు. నిజమే. బరువు, కరెంటు ఖర్చు ఎక్కువ కావడం, ఎల్‌సీడీ తెరలు చౌక కావడం వల్ల 2013, 2014 సంవత్సరాల్లో పెద్ద కంపెనీలు వీటి తయారీ మానేశాయి. వస్తువు పోయింది. పాఠం మాత్రం మీ జేబులోనే ఉంది. ఫోను తెరలోని లక్షలాది చుక్కలను నేటికీ వరుసలు, నిలువులుగానే ఎన్నుకుంటారు. ఎల్‌ఈడీ దీపాలను చాలాచోట్ల కాలాన్ని ముక్కలు చేసే మసకబారుస్తారు. కొన్ని ప్రొజెక్టర్లలోని చిన్నచిన్న అద్దాలు కూడా ఇలా "అయితే ఉంది, లేకపోతే లేదు" అంటూనే ఛాయలు చూపిస్తాయి.

అందుకే అంటున్నాను. ప్రతి పరికరం ముందూ మూడు ప్రశ్నలు వేయండి. ఇందులో ఏముంది? దీనికి ఆజ్ఞ ఎవరిస్తున్నారు? ఆ ఆజ్ఞ ఏ క్షణంలో అందుతోంది? మేము మొదటి ప్రశ్నకే మార్కులు వేస్తున్నాం. తప్పు మాదే. మొదటి ప్రశ్నతో ఆగినవారు పరికరాన్ని కొనగలరు, వాడగలరు. మూడు ప్రశ్నలూ అడిగినవారే దాన్ని బాగుచేయగలరు, కొత్తది కనిపెట్టగలరు.

ఈసారి బస్సు ముందు ఎర్ర అక్షరాల బోర్డు కనిపిస్తే ఫోను కెమెరాలో చూడండి. చాలా బోర్డుల్లో అక్షరాలు ముక్కలుగా, చారలుగా కనిపిస్తాయి. వరుసల వారీగా అందుతున్న ఆజ్ఞలు మీకు దొరికిపోయాయన్నమాట! పాత ప్లాస్మా టెలివిజన్‌ను మాత్రం విప్పకండి. ప్లగ్గు తీసేసినా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన వోల్టేజి నిలిచి ఉండవచ్చు.

మీ మాస్టారికి జవాబు తెలియకపోవచ్చు. నాకూ తెలియలేదు. అయినా అడగండి. "సిలబస్‌లో లేదు, కూర్చో" అంటే కూర్చోండి, కాని ప్రశ్నను కూర్చోబెట్టకండి. ఆ రోజు నేను చెప్పవలసింది ఇంతే: "నాకు తెలియదమ్మా. రేపు ఇద్దరం వెతుకుదాం." ఇప్పుడు నా తరగతిలో ఆ మాట తరచు వినబడుతుంది.