పెద్దయితే అదే వస్తుందిలే... నిజంగా వస్తుందా?

మొన్న లంచ్‌లో పక్క టీం మిత్రుడొకడు డబ్బా కూడా తెరవకుండా కూర్చున్నాడు. ప్రొడక్షన్‌లో ఏదో పేలిందేమో అనుకున్నా. "అదేం కాదు గురూ, మా పాపకి చదువు అబ్బట్లేదు. ఒకటో తరగతి అయిపోవస్తోంది, మూడక్షరాల మాట చదవమంటే గోడ వంక చూస్తుంది. టీచరేమో శ్రద్ధ లేదంటారు. మా అమ్మేమో 'నువ్వూ అంతేరా, పెద్దయితే అదే వస్తుందిలే' అంటుంది. నేనేమో... నిన్న రాత్రి ఒకటి పీకాను" అన్నాడు. ఆ చివరి ముక్క చెప్పేటప్పుడు నా వైపు చూడలేదు.

నీతులు చెప్పే అర్హత నాకు లేదు. నాలుగేళ్ళ క్రితం మా వాడి విషయంలో నేనూ అచ్చం ఇవే పనులు చేశాను కాబట్టి. ఆ రోజు అతనికి చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నా. మన ఆఫీసుల్లో ఈ కథ ఒక్కరిది కాదని నా అనుమానం.

మా వాడికి అప్పుడు ఆరేళ్ళు. మా అమ్మ చెప్పిన భారతం కథలు పేర్లతో సహా పొల్లుపోకుండా తిరిగి చెప్పేవాడు. అదే కథ బొమ్మల పుస్తకంలో రెండు లైన్లు చదవమంటే మాత్రం చెమటలు పట్టేవి. పై లైన్లో కష్టపడి కూడబలుక్కుని చదివిన పదం కింది లైన్లో మళ్ళీ వస్తే, వాడికి అది కొత్త పదమే. మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించేసేవాడు. దానికి మా పరిష్కారం ఇంపోజిషన్. తప్పు రాసిన ప్రతి మాటా పదిసార్లు రాయి. అది పని చెయ్యకపోతే ట్యూషన్. అదీ పని చెయ్యకపోతే ఇంకో ట్యూషన్.

ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. కోడ్‌లో బగ్ ఉంటే అదే కోడ్‌ని అదే ఇన్‌పుట్‌తో పదిసార్లు రన్ చేస్తే పోతుందా? సర్వర్ మీద అరిస్తే పోతుందా? ఆఫీసులో కారణం కనుక్కోకుండా ఒక్క అడుగు ముందుకెయ్యని మనం, ఇంట్లో మాత్రం 'బద్ధకం' అని టికెట్ క్లోజ్ చేసేస్తాం.

తర్వాత స్కూలుకి వెళ్ళే ముందు కడుపునొప్పి మొదలయింది. సెలవుల్లో ఆ నొప్పి ఉండేది కాదు. ఒక రోజు హోంవర్కు మధ్యలో వాడు "నాన్నా, నా బుర్రలో ఏమైనా పాడయిందా?" అని అడిగాడు. ఆ ప్రశ్న విన్నాక గానీ మేం కదల్లేదు.

అసలు విషయానికొస్తా. డిస్లెక్సియా కొత్త రోగమూ కాదు, ఇంగ్లీషు మీడియం వాళ్ళు కనిపెట్టిన ఫ్యాషనూ కాదు. 1896లోనే ప్రింగిల్ మోర్గన్ అనే ఇంగ్లండ్ డాక్టరు 14 ఏళ్ళ కుర్రాడొకడి గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. తెలివైనవాడే, ఆటల్లో చురుకే, చదవడం మాత్రం రాదు. పాఠాలన్నీ నోటిమాటగానే చెప్తే బడి మొత్తంలో వీడే అందరికంటే చురుకైనవాడని అతని మేష్టారు అన్నారట. ఆ వాక్యం చదివినప్పుడు మా వాడే గుర్తొచ్చాడు.

అప్పట్లో ఇది చూపుకి సంబంధించిన లోపం అనుకున్నారు. ఇప్పుడు తెలిసిందేమిటంటే, చాలామంది పిల్లల్లో అసలు చిక్కు కళ్ళలో లేదు, మాటలోని శబ్దాలని విడదీసి పట్టుకోవడంలో ఉంది. మాట్లాడడం పిల్లలకి వింటూ వింటూ వచ్చేస్తుంది. చదవడం అలా కాదు. రాత పుట్టి 5,000 ఏళ్ళు దాటిందేమో, అంతే. అక్షరానికీ శబ్దానికీ ముడి వెయ్యడం ప్రతి బుర్రా కొత్తగా నేర్చుకోవాల్సిందే. కొందరికి ఆ ముడి తొందరగా పడదు. తెలివితేటలకీ దీనికీ సంబంధం లేదు. ఎందరికి ఉంటుందనే దాని మీద అంచనాలు రకరకాలుగా ఉన్నాయి గానీ, ఎక్కువగా వినిపించే లెక్క 5 నుంచి 10 శాతం. అంటే 40 మంది ఉన్న క్లాసులో ఇద్దరి నుంచి నలుగురు. మీ క్లాసులో 'మొద్దు' అని బెంచీ ఎక్కించిన వాళ్ళని ఒకసారి గుర్తు చేసుకోండి.

మా వాడి విషయంలో మొదటి సూచన పుస్తకంలో కాదు, కారులో దొరికింది. నిజానికి అప్పుడు మేం గమనించలేదు. ఊరెళ్ళేటప్పుడు అంత్యాక్షరిలాగా మాటల ఆట ఆడేవాళ్ళం. నేను 'కమల' అంటే 'ల'తో మొదలయ్యే మాట చెప్పాలి. వాడు 'పువ్వు' అనేవాడు. అర్థం పట్టుకునేవాడు గానీ, చివరి శబ్దం పట్టుకోలేకపోయేవాడు. వాడికన్నా ఏడాది చిన్నదైన మా అక్క కూతురు టకటకా చెప్పేసేది. అందరం నవ్వుకున్నాం. నవ్వాల్సిన విషయం కాదది.

గమనించాల్సినవి, నాకు అర్థమైనంతలో ఇవి:

3 నుంచి 5 ఏళ్ళ మధ్య: మాటలు ఆలస్యంగా రావడం, ప్రాస కుదిరే మాటలు పట్టుకోలేకపోవడం, రంగుల పేర్లు, వారాల పేర్లు ఎన్నిసార్లు చెప్పినా నిలవకపోవడం.

5 నుంచి 7: అక్షరానికీ శబ్దానికీ లంకె కుదరకపోవడం, నిన్న వచ్చిన అక్షరం ఇవాళ మర్చిపోవడం, మాటని ముక్కలు చేసి పలకలేకపోవడం.

ఆ తర్వాత: బాగా నెమ్మదిగా చదవడం, ఊహించి చదవడం, గట్టిగా చదవమంటే తప్పించుకోవడం, నోటితో చెప్పిన జవాబుకీ కాగితం మీద రాసిన జవాబుకీ పొంతన లేకపోవడం.

ఒక్కటి కనిపించగానే కంగారు పడక్కర్లేదు. నాలుగైదు కలిసి, నెలల తరబడి అలాగే ఉంటే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. అన్నట్టు, బి, డి అక్షరాలు తిరగేసి రాయడమే డిస్లెక్సియా అని చాలామంది అనుకుంటారు. రాయడం నేర్చుకునే చిన్నపిల్లల్లో అది మామూలే.

మన తెలుగుతో ఇంకో మెలిక ఉంది. ఇంగ్లీషులో 'కట్' ఒకలాగా, 'పుట్' ఒకలాగా పలకాలి. తెలుగులో ఆ గొడవ లేదు, రాసినట్టే చదువుతాం. అందుకని తెలుగులో ఇలాంటి పిల్లలు తప్పులు తక్కువ చేసి, నెమ్మదిగా చదివేస్తూ నెట్టుకురావచ్చు. 'తెలుగు వస్తోంది కదా, ఇంగ్లీషే రావట్లేదు, కాబట్టి బద్ధకమే' అని మనం తీర్పు చెప్పేస్తాం. మరోవైపు గుణింతాలు, వత్తులు కలిపితే మన లిపిలో నేర్చుకోవాల్సిన ఆకారాలు వందల్లో ఉంటాయి. 'వు'కీ 'మ'కీ, 'ద'కీ 'ధ'కీ తేడా చూడండి. మన లిపికి అక్కలాంటి కన్నడ లిపి మీద సొనాలి నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, అక్షరాలన్నీ పట్టుబడడానికి మామూలు పిల్లలకే కొన్ని తరగతుల కాలం పడుతుంది. కాబట్టి ఆరేళ్ళకి సంయుక్తాక్షరాలు రాలేదని ఏడవక్కర్లేదు. 'అల', 'వల', 'కల' లాంటి తేలిక మాటల దగ్గరే ఆగిపోతుంటే ఆలోచించాలి.

ఇక నేను గట్టిగా చెప్పదలుచుకున్న మాట ఒక్కటే. ఆగొద్దు.

మన దగ్గర ఆగడానికి ఒక మంచి సాకు దొరుకుతుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం నేర్చుకోవడంలో ఉండే ఇలాంటి ఇబ్బందుల్ని గుర్తించింది. ధ్రువపత్రం మాత్రం మామూలుగా 8 ఏళ్ళు నిండాకే ఇస్తారు. అది ఉంటే సీబీఎస్ఈ లాంటి బోర్డులు పరీక్షలో అదనపు సమయం (మూడు గంటల పేపరుకి గంట), రాసిపెట్టే మనిషి, మూడో భాష నుంచి మినహాయింపు లాంటివి ఇస్తాయి. బానే ఉంది. కానీ 'ఎనిమిదేళ్ళు రానివ్వండి, అప్పుడు చూద్దాం' అని మాకు ఒక చోట చెప్పారు. మేం తలూపి వచ్చేశాం. అది తప్పు. కాగితం కోసం ఆగాలేమో గానీ, సాయం కోసం ఆగక్కర్లేదు. అదే చట్టం 16వ సెక్షన్ వీలైనంత తొందరగా గుర్తించి తగిన బోధన అందించమంటోంది. ఒకటి, రెండు తరగతుల్లో మొదలుపెట్టిన సాయం ఆ తర్వాత మొదలుపెట్టిన దానికన్నా బాగా పని చేస్తుందని పరిశోధనలూ చెప్తున్నాయి. ఆగిన కాలంలో చదువు ఒక్కటే వెనకబడదు, పిల్లాడు తన గురించి తాను ఒక అభిప్రాయానికి వచ్చేస్తాడు. దాన్ని మార్చడం అక్షరాలు నేర్పడం కన్నా కష్టం.

మరి ఏం చెయ్యాలి? ముందు చెవులూ కళ్ళూ పరీక్ష చేయించండి. తర్వాత పిల్లల ఎదుగుదల చూసే డాక్టరు గానీ క్లినికల్ సైకాలజిస్టు గానీ, ఈ పని తెలిసిన స్పెషల్ ఎడ్యుకేటరు గానీ. నేర్పే పద్ధతి ఏమిటని అడగండి. శబ్దం దగ్గర మొదలుపెట్టి, ఒక్కో మెట్టూ ఎక్కిస్తూ, చూస్తూ వింటూ వేలితో రాస్తూ నేర్పే పద్ధతి కావాలి. 1930ల్లో ఆర్టన్, గిల్లింగ్‌హామ్ వేసిన దారి ఇదే. ఇంట్లో మేం రోజుకి 20 నిమిషాలు మాత్రమే కూర్చునేవాళ్ళం, అంతకు మించి నిమిషం కూడా లేదు. ఇంపోజిషన్ బంద్. కథలు మాత్రం మేమే చదివి వినిపించేవాళ్ళం, ఎందుకంటే చదవడం రాకపోయినంత మాత్రాన కథలు మానెయ్యక్కర్లేదు కదా.

డబ్బులు ఎక్కడ తగలెయ్యకూడదో కూడా చెప్పాలి. రంగు కళ్ళద్దాలు, కంటి వ్యాయామాలతో డిస్లెక్సియా తగ్గుతుందనడానికి ఆధారం లేదని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం, కంటి డాక్టర్ల సంఘాలతో కలిసి 2009లోనే ప్రకటించింది. మిడ్ బ్రెయిన్ యాక్టివేషన్ బాపతు సంగతి చెప్పనే అక్కర్లేదు. కళ్ళకి గంతలు కట్టి చదివిస్తామనే వాళ్ళ దగ్గరికి, కళ్ళు తెరిచి చదవలేని పిల్లాణ్ణి తీసుకెళ్ళడం ఎంత విచిత్రం!

ఇంకో మాట. 2007లో 'తారే జమీన్ పర్' వచ్చాక మన దేశంలో ఈ పదం చాలామందికి తెలిసింది, మంచిదే. కానీ అందులో పిల్లాడు బొమ్మలు అద్భుతంగా వేస్తాడు. దాంతో ఇలాంటి ప్రతి పిల్లాడిలోనూ ఒక జీనియస్ దాగుంటాడని మనకో భ్రమ. మావాడు బొమ్మలు కూడా అంతంతమాత్రంగానే వేస్తాడు. అయితే ఏంటట? మర్యాదగా చూడబడడానికి జీనియస్ అయి తీరాలా?

ఇప్పుడు వాడికి పదేళ్ళు. ఇప్పటికీ నెమ్మదే, స్పెల్లింగులు ఇప్పటికీ దేవుడికే ఎరుక. డిస్లెక్సియా తగ్గిపోదు, దానితో బతకడం వస్తుంది. కానీ పోయిన నెల రాత్రి పదింటికి దుప్పట్లో టార్చిలైటు పెట్టుకుని కామిక్ చదువుతూ దొరికాడు. తిట్టాలో ఎత్తుకోవాలో తెలీలేదు.

ఇదంతా చెప్పాక మా మిత్రుణ్ణి ఒకటి అడిగాను. "మీ అమ్మగారు 'నువ్వూ అంతే' అన్నారు కదా, నీకెలా ఉండేది?" అని. డిస్లెక్సియా కుటుంబాల్లో నడుస్తుంది, అమ్మకో నాన్నకో ఉంటే పిల్లలకి వచ్చే అవకాశం బాగా ఎక్కువ. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు, పదో తరగతిలో కూడా గట్టిగా చదవమంటే బాత్రూంకి వెళ్ళిపోయేవాడట. ఇప్పటికీ పెద్ద మెయిల్ వస్తే ముందు ఎవర్నైనా 'ఏముంది అందులో' అని అడిగి, ఆ తర్వాత తెరుస్తాడట.

"పెద్దయితే అదే రాలేదు గురూ. దాచుకోవడం వచ్చింది, అంతే" అన్నాడు.

ఆ సాయంత్రమే పాప కోసం అపాయింట్‌మెంట్ తీసుకున్నాడు. మీ ఇంట్లో కూడా 'పెద్దయితే అదే వస్తుందిలే' అనే మాట వినపడుతుంటే, ఈ వారాంతం ఒక్క అరగంట పిల్లల పక్కన కూర్చుని మాటల ఆట ఆడి చూడండి. పుస్తకం అక్కర్లేదు, బెత్తం అసలే వద్దు.