కోడిపిల్లలు సర్కారువి, దాణా ఎవలిది?

ఈ మధ్య మహిళా సంఘాల మీటింగులకు వోతే నన్ను ఎక్కువగ అడిగే సవాల్ ఒక్కటే. "అన్నా, గీ కోళ్లకు ఏ దాణా పెట్టాలె? సంచి దాణానా, ఇంట్ల నూకలా?" ఇననీకి చిన్న ముచ్చటే. గని దీనెనుక మక్క రైతు ఉన్నడు, ఇథనాల్ ఫ్యాక్టరీ ఉన్నది, ఆడోళ్ల చేతికొచ్చే గుడ్ల పైసలున్నయి. అందుకే దీన్ని రాజకీయ ముచ్చట లెక్కనే చూడాలంటున్న.

మన అవ్వలు కోళ్లకు దాణా కొన్నరా? కొనలే. పొద్దుగాల గంప ఎత్తితే కోడి పెంటకుప్ప మీదికి వోయేది. పురుగులు, చెదలు ఏరుకునేది. కల్లం కాడ రాలిన జొన్నలు, వడ్లు తినేది. ఇయ్యాల పశువులు తగ్గి పెంటకుప్పలు వోయినయి. హార్వెస్టర్ వచ్చి కల్లాలు వోయినయి. గడ్డిమందు కొట్టిన గట్టు మీద పురుగేడ దొరుకుతది? కోడికి ఊరు పెట్టిన మేత పోయింది. ఆ లోటు ఇప్పుడు ఇంటామె తన పైసలతోని నింపాలె.

ఇంకోటి, కోడి గూడ మారింది. పథకాలల్ల ఇచ్చే వనరాజా, గ్రామప్రియ మన రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ తయారు చేసిన జాతులు. నాటుకోడి ఏడాదికి 60, 70 గుడ్లు పెడితే గ్రామప్రియ 200 దాకా పెడుతదంటరు. నిజమే, మేత సరిగ్గ దొరికితే. పిల్లలనిచ్చి ఫొటో దిగేటోళ్లు ఈ ఆఖరి మాట చెప్పరు. నాలుగు గింజలు చల్లి 200 గుడ్లు రావాలంటే ఎట్లొస్తయి?

ఇగ సంచి దాణా సంగతి. దుకాణంల ఏది దొరికితే అది తెచ్చి పోస్తున్నరు. గది తప్పు. మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాలు పిల్లలకు మాంసకృత్తులు 20 శాతం ఉన్న మేత కావాలె. ఎదిగే కోళ్లకు 16 శాతం చాలు. గుడ్లు పెట్టే కోడికి 16 నుంచి 18 శాతం ఉండాలె, దాంతోని క్యాల్షియం గూడ కావాలె. ఒక్క గుడ్డు పెంకులనే సుమారు 2 గ్రాముల క్యాల్షియం వోతది. మేతల లేకుంటే కోడి తన బొక్కల నుంచి తీసి గుడ్డుకు పెడుతది. మరి అదే లేయర్ దాణా చిన్నపిల్లలకు పోస్తే, క్యాల్షియం ఎక్కువై వాటి కిడ్నీలు ఖరాబైతయి. బ్రాయిలర్ దాణా అయితే 40 రోజులల్ల బరువు పెంచి అమ్మనీకి చేసింది. ఏడాదంత గుడ్లు పెట్టే కోడికి అది పోస్తే కొవ్వు పడుతది, గుడ్లు తగ్గుతయి.

మందుల ముచ్చట గూడ చెప్పాలె. మనిషికి వేరే మందులు పని చేయనప్పుడు ఆఖరికి వాడే కొలిస్టిన్‌ను కోళ్లకు, పశువులకు వాడొద్దని కేంద్రం 2019 జులైల నిషేధించింది. మందులు కలిపిన దాణా బ్రాయిలర్ షెడ్ల నుంచి మన వాకిట్లకు రావద్దు. సంచి మీద ఏమేం కలిపిన్రో రాసి లేకుంటే కొనకున్రి.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. కోళ్ల దాణాల సగానికి పైన మక్కలే ఉంటయి. అంటే మక్కలు పండించే ఇంటామె పంట రాంగనే మొత్తం అమ్ముతది, రెండు నెలలకు గవ్వే మక్కలను సంచిల కొనుక్కుంటది. మధ్యల రవాణ, మిల్లు, కంపెనీ, దుకాణం.. అందరి లాభం ఆమె మీదనే పడుతది.

20 పెట్టలున్నయనుకుందాం. బయట తిరిగి మేసే కోడికి పైనుంచి రోజుకు 50 గ్రాములు పోస్తే చాలు. అంటే రోజుకు కిలో, నెలకు 30 కిలోలు. 10 కిలోల దాణాకు పలగ్గొట్టిన మక్కలు, నూకలు కలిపి అయిదున్నర కిలోలు, తవుడు రెండు కిలోలు, సోయా చెక్క రెండుంబావు కిలోలు, మినరల్ మిక్చర్ పావు కిలో. ఆల్చిప్పల పొడి వేరే చిప్పల పెడితే ఏ కోడికి ఎంత కావాల్నో అదే తింటది. ఈ లెక్కన ఏడాదికి కావాల్సిన గింజలు రెండు క్వింటాళ్లే. 2025-26 మద్దతు ధర 2,400 రూపాయల చొప్పున 4,800 రూపాయల సరుకు. గది ఇంట్లనే ఆపుకోవాలె. బయట కొనేది చెక్క, మినరల్ మిక్చరే. మునగాకు, అజొల్లా పెట్టున్రి, మంచిదే. గని గింజల బదులు గవ్వే చాలంటే నమ్మకున్రి.

ఒక్క జాగ్రత్త. గింజలు బాగ ఎండబెట్టి దాయాలె. "బూజు పట్టినయి, కోళ్లకేమైతది" అని పోస్తే ఆ బూజు విషం కాలేయాన్ని తింటది. ఇథనాల్ తీసినంక మిగిలే పిప్పిని గూడ దాణాల కలుపుతున్నరు. గింజల బూజు విషముంటే పిప్పిల దాదాపు మూడింతలైతది. చౌకగ వస్తదని ఎగబడకున్రి.

గీ ఇథనాల్ ముచ్చటే పెద్దది. 2023 డిసెంబర్ల చెరుకు రసం మీద కట్టడి పెట్టినంక ఇథనాల్ కంపెనీలు మక్కల మీద పడ్డయి. నారాయణపేట జిల్లా చిత్తనూర్ల, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ల జనం ఇథనాల్ ఫ్యాక్టరీలు వద్దని కొట్లాడింది నీళ్ల కోసం, గాలి కోసం. గని గా ఫ్యాక్టరీలు తినేది గూడ గింజలే. మక్క రైతుకు మంచి ధర రావద్దని నేననను. రావాలె. గని పంట కాలంల మద్దతు ధర కోసం రైతు రోడ్డెక్కాలె, తర్వాత కోళ్ల కోసం రైతు పెండ్లామే ఎక్కువ పెట్టి సంచి కొనాలె అంటే, ఇదేం న్యాయం?

సర్కారు పిల్లలనిచ్చి చేతులు దులుపుకుంటే నడవదు. ఊరికో, రెండూళ్లకో ఒక దాణా పలగ్గొట్టే మిషన్ సంఘం చేతికియ్యాలె. సోయా చెక్క, మినరల్ మిక్చర్ సంఘాలకు సబ్సిడీ మీద ఇయ్యాలె. పశువుల డాక్టర్ దాణా కలుపుడు నేర్పించాలె, కొక్కెర రోగం టీకాలు టైంకు వెయ్యాలె. గివి అడగనీకి దరఖాస్తు ఒక్క కాయితం చాలు. వచ్చే సంఘం మీటింగుల తీర్మానం రాసి, సంతకాలు పెట్టి ఎంపీడీవోకు ఇయ్యున్రి. పిల్లలు తీసుకునేటప్పుడే దాణా సంగతి అడగాలె. గూట్లకు వచ్చినంక అడిగితే ఎవడూ పలుకడు.