ఉత్తరములో వ్రాయని సంగతులు

అనకాపల్లిలో పుట్టి పెరిగినవారికి బెల్లపు వాసన తెలియదు. ఈ మాట వినుటకు వింతగా తోచవచ్చును. దేశములోని పెద్ద బెల్లపు బజారులలో ఒకటి ఆ ఊరిలోనే ఉన్నది. శీతకాలము వచ్చినదనగా చుట్టుప్రక్కల పల్లెలలో గానుగలు ఆడును, పెనములలో చెఱకు రసము మరగును, దిమ్మలు బండ్లకెక్కి బజారు చేరును. చెఱకు సాగుపై పరిశోధనకై 1913లోనే అచట ఒక వ్యవసాయ క్షేత్రము వెలసినది. ఇట్టి ఊరివానికి ఆ వాసన గాలిలో గాలి వంటిది. ముక్కునకు తగులును గాని మనస్సునకు తగులదు. అదే మనిషి పదేండ్లు దూరదేశమున నుండి, ఒకనాటి వేకువను రైలు దిగినచో, బంధువులకంటె ముందుగా అతనిని పలుకరించునది ఆ వాసనయే. ఊరు ఎప్పటివలెనే ఉన్నది. అతని చూపు మాత్రము మారినది.

దూరము మనిషికి కన్ను నిచ్చును. పరదేశమున కాలు పెట్టినవాడు మొదటి నెలలో గమనించినన్ని సంగతులు తరువాతి పదేండ్లలో గమనింపడు. పొరుగువారు తలుపు తట్టు తీరు, అంగడివాడు చిల్లర చేతికిచ్చు తీరు, వాన వచ్చినప్పుడు వీధిలో జనము తొలగు తీరు, బిడ్డను మందలించు తల్లి గొంతుక - ఇవి యన్నియు అచటివారికి కనబడవు. క్రొత్తగా పోయినవానికి కండ్లకు కట్టినట్లుండును. కాని ఆ చూపునకు ఆయువు తక్కువ. కొలది దినములకే అలవాటు పొరవలె క్రమ్ముకొనును. ఆ లోపల చూచినదానిని వ్రాసి పెట్టుకొననిచో, అది చూచినవానికిని దక్కదు, చూడనివారికిని దక్కదు. ఈ నష్టము ఎట్టిదో తెలిసికొనుటకు దూరము పోనక్కర లేదు. అనకాపల్లి ప్రాంతపు చరిత్రయే చాలును.

నూరేండ్ల క్రిందట ఈ పల్లెలలో దూరదేశమనగా రంగమే. రంగూనునకు జనము పెట్టుకొన్న పేరది. నాటి గంజాము, విశాఖపట్నము, గోదావరి జిల్లాల నుండి ఏటేట వేలకొలది కూలీలు పొగ ఓడలెక్కి బంగాళాఖాతము దాటిరి. కోరంగి రేవు పేరే వారికి పేరై, బర్మాలో తెలుగువారిని 'కోరంగీలు' అని పిలిచిరి. మేస్త్రీ ఇచ్చిన బయానాతో బయలుదేరుట, రేవులో బస్తాలు మోయుట, బియ్యపు మరలలో పనిచేయుట, రిక్షాలు లాగుట, నాలుగు రూకలు వెనుకవేసికొని కొన్ని యేండ్లకు ఇల్లు చేరుట - ఇది నాటి పరిపాటి. 1931 జనగణన నాటికి రంగూను జనాభాలో సగమునకు మించి భారతీయులే. వారిలో తెలుగువారిది పెద్ద పాలు.

చరిత్ర ఆ వలసలోని పెద్ద సంగతులను మరువలేదు. 1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు కూలి హెచ్చింపవలెనని సమ్మె చేయుటయు, దాని వెంట రంగూను వీధులలో రక్తము పాఱుటయు గ్రంథములకెక్కినవి. 1941 డిసెంబరు 23న నగరముపై జపాను బాంబులు పడుటయు, మఱుసటి యేడు లక్షలకొలది భారతీయులు కొండలు, అడవులు పట్టి కాలినడకను స్వదేశమునకు తరలుటయు, దారిలో అసంఖ్యాకులు రాలిపోవుటయు ఎఱుగనివారు తక్కువ. 1962లో సైన్యము బర్మా ప్రభుత్వమును చేజిక్కించుకొన్నది. 1964లో వర్తకములను జాతీయము చేయగా, మిగిలినవారిలో అనేకులు కట్టుబట్టలతో ఓడలెక్కి తిరిగివచ్చిరి. విశాఖపట్నములో 'బర్మా క్యాంపు' అను పేరు నేటికిని ఆ కథను తలపించుచున్నది.

అయితే చిన్న సంగతులేవి? పల్లె విడిచిన పిల్లవాడు రంగములో మొదటి రాత్రి ఎవని ప్రక్కన పండుకొనెను? బర్మా భాషలో మొదట నేర్చిన మాట ఏది? దానిని నోట త్రిప్పుకొనుటకు ఎన్ని దినములు పట్టినది? బియ్యపు మర కూతకు నిదుర లేచువాడు సంక్రాంతి నాడు ఏమి చేసెను? తోటి బర్మా కూలివానితో మాట రాక, సైగతో పంచుకొన్న మొదటి చుట్ట ఎట్లుండెను? సమ్మెలను గూర్చి, యుద్ధమును గూర్చి వ్రాసిన పుటలలో ఈ ప్రశ్నలకు చోటు లేదు.

వారు ఉత్తరములు వ్రాయక పోలేదు. కాని పెక్కురకు అక్షరములు రావు. చదువు వచ్చిన మఱియొకని చేత వ్రాయించుకొనవలెను. పరాయివాని కలము ముందు కూర్చున్నవాడు మనస్సులోని మాట ఎట్లు చెప్పును? ఇచట అందఱమును క్షేమము, అచటి క్షేమము తెలియజేయవలెను, మనియార్డరు అందినదా, వానలు పడినవా - ఇంతటితో కార్డు నిండిపోవును. ఉత్తరములో వ్రాయని సంగతులు మనిషితో పాటు ఓడలో ఇల్లు చేరినవి. అరుగు మీద కూర్చుండి అతడు చెప్పగా ఇరుగుపొరుగువారు విని నవ్విరి, నిట్టూర్చిరి. చెప్పువాడు పోయిన పిమ్మట ఆ మాటలును పోయినవి.

అందలి నష్టమునకు ఒక చిన్న తార్కాణము. అనకాపల్లికి చేరువనే శంకరము అను గ్రామమున్నది. అచటి బొజ్జన్నకొండ మీద బౌద్ధుల స్తూపములు, తొలిచిన గుహలు, బుద్ధ విగ్రహములు కలవు. బొజ్జన్న యనునది బుద్ధుని పేరు మారిన రూపమని చెప్పుదురు. ఇరువదవ శతాబ్దపు తొలి యేండ్లలో అలెగ్జాండరు రే త్రవ్వకములు జరుపువఱకు ఆ కొండ సంగతి లోకమునకు అంతగా తెలియదు. ఆ యేండ్లలోనే ఈ ప్రాంతపు కూలీలు రంగములో ష్వెడగాన్ పగోడా నీడన నడిచిరి, మొక్కువారిని చూచిరి, వెలిగించిన దీపములను చూచిరి. ఇంటికి వచ్చినవాడు పశువులను తోలుకొని బొజ్జన్నకొండ ప్రక్కగా పోవుచు ఒక్క క్షణము నిలిచి, అచట చూచిన రూపమే ఇచట రాతిలో నున్నదని గుర్తించెనేని, ఆ క్షణము విలువ ఎంత! రెండువేల యేండ్ల చరిత్రకు రెండు తీరములను ఒక కూలివాని చూపు కలిపినట్లగును. అట్టి క్షణము కలిగినను దానికి కాగితము లేదు, కలము లేదు.

పరదేశమునకు వెంట కొనిపోయినవి ఆచారము బలమున నిలిచినవి. పందొమ్మిదవ శతాబ్దములో చెఱకు తోటల పనికై మారిషస్ దీవికి పోయిన తెలుగువారి సంతతి నేడు క్రియోల్ భాష మాటలాడుచున్నను, సింహాద్రి అప్పన్నను కొలుచుట మానలేదు; అమ్మోరు పండుగ చేయుట మానలేదు. ఉగాది ఆ దేశమున సెలవు దినము. సముద్రము దాటిన దేవుడు అయిదారు తరముల పిమ్మట కూడ పేరు మారక నిలిచెను. కాని అచటి చెఱకు తోటలో మొదటి ఉదయమున మొదటి మనిషి ఏమి చూచెనో చెప్పుటకు ఏ పండుగకును చేతకాదు. కొనిపోయినదానిని ఆచారము కాపాడును. చూచినదానిని అక్షరము మాత్రమే కాపాడును.

అక్షరము చేయగల మేలునకు తెలుగులోనే గొప్ప దృష్టాంతమున్నది. చెన్నపట్టణపు సుప్రీము కోర్టులో ఉద్యోగము చేసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిరి. హైదరాబాదు, నాగపురముల మీదుగా కాశికి పోయి, గయ, కలకత్తా, జగన్నాథము చూచుకొని ఈ ఉత్తర సర్కారుల తీరము వెంటనే దక్షిణమునకు దిగిరి. దారి పొడుగునను మిత్రుడైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళెగారికి తాము చూచినవన్నియు వ్రాయుచు వచ్చిరి. ఏ ఊర నీరు మంచిది, ఏ మజిలీలో ఏ సరకు దొరకును, ఏ దారి ఎట్టిది, ఏ నదిని ఎట్లు దాటవలెను - నాటివారికి ఇవి అల్పములు. 1838లో ఆ వ్రాతలు 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చుపడినవి. నేడు 1830 నాటి దేశస్థితిని తెలియగోరువారికి ఆ అల్పములే ఆధారములు.

పరాయివాని చూపును ఇట్లే ఉపకరించినది. ఏడవ శతాబ్దములో చైనా నుండి వచ్చిన బౌద్ధ భిక్షువు హ్యూయన్ త్సాంగ్ ఆంధ్రదేశమును చూచి, ఇచటి మాట మధ్యదేశపు మాటకు వేఱైనను లిపి మాత్రము ఇంచుమించు దానిని పోలియున్నదని వ్రాసెను. నాటి ఆంధ్రునకు తన అక్షరముల రూపము గూర్చి ఆలోచింప పని లేదు. చైనా బాటసారికి అది వింత. ఆ వింత నేడు భాషాచరిత్ర చదువు విద్యార్థులకు సాక్ష్యము.

అయితే చూచుటకును ఒక పద్ధతి కలదు. పరదేశమునకు పోయినవారిలో కొందఱు ప్రతి దానిని స్వదేశముతో త్రాసున వేయుదురు. అన్నము మన అన్నము వలె లేదు, ఎండ మన ఎండ వలె లేదు అని లోపములు లెక్కించుటలోనే వారి దినము గడచును. మఱికొందఱు అచటి వీధి చూచిన మఱునాడే పుట్టిన ఊరును తూలనాడుదురు. ఇరువురును చూచుట లేదు, తీర్పు చెప్పుచున్నారు. వీరాస్వామయ్యగారు నీటిని రుచి చూచి, ఇది మంచిది, ఇది ఉప్పన అని వ్రాసి ముందునకు సాగిరి. నిజమైన గమనిక అట్టిది. ఎదుటివాని బ్రదుకును గౌరవించుట దానికి మొదటి మెట్టు.

నేడు రంగము లేదు. అమెరికా, ఆస్ట్రేలియా, గల్ఫు దేశములు ఉన్నవి. 2022లో జిల్లా కేంద్రమైన అనకాపల్లి నుండియు యువకులు చదువునకు, కూలికి దేశములు దాటుచున్నారు. కార్డు ముక్క కొఱకు నెలల తరబడి ఎదురుచూచిన రోజులు పోయినవి. కావలసినప్పుడు ఫోనులో ముఖము చూచుకొని మాటలాడవచ్చును. కాని ఆ మాటలేమి? తింటివా, చలి ఎట్లున్నది, జీతము పడినదా! పాత కార్డులోని మాటలే వేషము మార్చుకొని వచ్చినవి. ఛాయాచిత్రములు వేలకొలది తీయుదురు. మంచు కప్పిన వీధిని చిత్రము చూపును. ఆ మంచుపై మొదట అడుగు పెట్టిన తల్లి, ముగ్గు తొక్కుదునేమోనని వెనుదీసినట్లు కాలు వెనుదీసినచో, ఆ సంగతి వ్రాసినగాని తెలియదు.

ఇచటనే ఉపాధ్యాయుల పని యున్నది. పాఠశాలలలో వ్యాసరచన యనగా నేటికిని విమాన ప్రయాణము, వెన్నెల రాత్రి వంటి విషయములను ఇచ్చుట, బాలురు పుస్తకములోని వాక్యములను వల్లించి అప్పగించుట. దీనికి బదులు వారమున కొకసారి, ఆ దినమున తాము స్వయముగా చూచిన ఒక్క చిన్న సంగతిని పది పంక్తులలో వ్రాయుడని చెప్పవచ్చును. గానుగ వద్ద పనివాడు పాకము పదును ఎట్లు గుర్తించుచున్నాడు? నూకాలమ్మ జాతర ముగిసిన మఱునాడు వీధి ఎట్లున్నది? రైలు కదలిన పిమ్మట వీడ్కోలు చెప్పవచ్చినవారు ఎంతసేపు నిలుచుందురు? విశేషణములు తగ్గించి, కన్నది కన్నట్లు వ్రాయనిండు. ఇంట చూడ నేర్చినవాడే పరదేశమున చూడగలడు. నేటి అనకాపల్లి జిల్లాలోని రాయవరమున 1862లో జన్మించిన గురజాడ అప్పారావుగారు దినచర్యలు వ్రాసికొనిరి. ఆయన కాలమును అర్థము చేసికొనుటకు పండితులు నేటికిని వాటిని తిరుగవేయుచున్నారు.

రెండవ పని మఱింత తొందర గలది. 1964లో పదేండ్ల పిల్లవానిగా బర్మా నుండి ఓడ దిగినవానికి నేడు డెబ్బది యేండ్లు దాటినవి. అట్టివారు ఏ పెంకుటింటి అరుగు మీదనో ఇంకను కూర్చుండి యున్నారు. విద్యార్థి ఒక కాగితముతో వారి యొద్దకు పోయి, యుద్ధముల మాట, ప్రభుత్వముల మాట తరువాత అడుగవచ్చును. మొదట, అచటి ఇంటి ముంగిట ఏమి చెట్టుండెనని అడుగవలెను. పొరుగింటి పిల్లలతో ఏ ఆట ఆడిరని అడుగవలెను. ఓడ ఎక్కునపుడు చేతిలో ఏమున్నదని అడుగవలెను. విన్నది విన్నట్లు వ్రాసి, తేదీ వేసి, పాఠశాలలో భద్రపఱచవలెను. దీనికి ధనము అక్కఱలేదు, దీనిని వాయిదా వేయుటకు మాత్రము వ్యవధి లేదు.

రంగము పోయిన తాతకు కన్నులుండెను, అక్షరము లేకపోయెను. అతడు చూచినదంతయు అతనితోనే మట్టిలో కలిసినది. అతడు రెక్కలు ముక్కలు చేసికొని సంపాదించిన రూకలతో తండ్రి బడికి పోయెను, మనుమడు కళాశాలకు పోయెను. నేడు విమానమెక్కుచున్న ఆ మనుమని చేత అక్షరమున్నది. కన్ను తెఱచి చూచుట ఒక్కటే అతడు నేర్వవలసియున్నది. తాత వ్రాయలేకపోయిన ఉత్తరమును అతడు పూర్తి చేయగలడు.