కార్యదర్శులు ఎందుకు నిలవడం లేదు?

చిల్పూరు మండలంలోని ఒక గ్రామంలో ఇటీవల ఒక తండ్రితో మాట్లాడే అవకాశం మాకు కలిగింది. స్టేషన్ ఘనపూర్ దారిలో ఆయనది చిన్న వెల్డింగు దుకాణం. ఆయన కుమారుడు బీసీ-ఈ కోటాలో పంచాయతీ కార్యదర్శిగా ఎంపికై, వేరే జిల్లాలో చేరి, మూడేళ్లు తిరగకముందే రాజీనామా చేసి ఇంటికి వచ్చాడు. "మా ఖాందాన్‌లో మొదటి సర్కారీ నౌకరీ సాబ్. సబర్ చేయలేకపోయాడు" అన్నారాయన. కుమారుడు పక్కనే ఉన్నాడు, తల ఎత్తలేదు.

సబర్ లేనిది ఆ యువకుడికేనా? ఆయనకు ముందు ఒకరు, ఆయన తరువాత ఒకరు అదే పై అధికారి కింద ఇమడలేక వెళ్లిపోయారు. ముగ్గురూ బలహీనులేనా? ఒకరు వెళ్లిపోతే వెళ్లిన మనిషిని ప్రశ్నించవచ్చు. వరుసగా ముగ్గురు వెళ్లినప్పుడు ప్రశ్నించవలసింది వారిని పంపిన కుర్చీని.

ఈ ఉద్యోగం చరిత్రను ఒకసారి గుర్తు చేసుకోవాలి. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం తరువాత ప్రభుత్వం 9,355 జూనియర్ పంచాయతీ కార్యదర్శుల పోస్టులకు ప్రకటన ఇచ్చింది. 2019లో చేరినవారికి నెలకు 15,000 రూపాయలు, మూడేళ్ల ప్రొబేషన్. జీతాన్ని 2021లో 28,719 రూపాయలకు పెంచారు గానీ, ప్రొబేషన్‌ను మరొక ఏడాది పొడిగించారు. పని మాత్రం ఏనాడూ ప్రొబేషన్‌లో లేదు. పారిశుద్ధ్యం, నర్సరీ, హరితహారం మొక్కలు, డంపింగ్ యార్డు, వైకుంఠధామం, ఇంటిపన్ను వసూలు, ప్రతి ఉదయం యాప్‌లో ఫొటోలు. మొక్క ఎండితే మెమో, ఫొటో ఆలస్యమైతే మెమో. ఉద్యోగం ఖాయం కాని మనిషికి మెమో కేవలం కాగితం కాదు, మెడ మీద కత్తి. కటువైన అధికారి చేతిలో ఆ కత్తి ఎలా ఆడుతుందో వేరే చెప్పనక్కరలేదు.

2023 ఏప్రిల్ 28న వారు సమ్మెకు దిగారు. మే 9 సాయంత్రం 5 గంటలలోగా చేరనివారిని తొలగిస్తామని ప్రభుత్వం హెచ్చరించింది. మే 13న సమ్మె ముగిసింది. క్రమబద్ధీకరణ నిర్ణయం ఆ నెలలోనే వచ్చింది. విడివిడిగా రాజీనామాలు ఇచ్చినన్నాళ్లు వినపడని మాట, కలిసి పని ఆపినప్పుడు వినపడింది. అప్పటికే ఎందరో వెళ్లిపోయారు. అటు తరువాత, 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం తీరి ప్రత్యేకాధికారుల పాలన వచ్చింది. ఊరివారికి రోజూ కనిపించే అధికారి కార్యదర్శి ఒక్కరే అయ్యారు. పైనుంచి గద్దింపు, కిందనుంచి నిలదీత.

ఇది ఉద్యోగుల గొడవ, మనకెందుకు అనుకునే పాఠకులకు ఒక మాట. గ్రామంలో జనన మరణాల నమోదు కార్యదర్శి చేతిలోనిదే. వివాహ నమోదు కూడా. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టిన బిడ్డకు బడిలో చేర్పు, ఓటరు జాబితా, ఆధార్ వంటివాటికి పుట్టిన తేదీని రుజువు చేసేది జనన ధ్రువపత్రమే. 21 రోజులలోగా తెలియజేస్తే నమోదు ఉచితం. ఏడాది దాటిందా, కలెక్టరు లేదా ఆర్డీవో స్థాయి ఉత్తర్వు కావాలి. తాతగారి కాగితంలో ఒక విధంగా, తండ్రి కాగితంలో మరొక విధంగా, బిడ్డ కాగితంలో ఇంకొక విధంగా పేరు రాయబడిన కుటుంబాలు మనలో ఎన్ని లేవు? "షేక్" ఒకచోట ముందుంటుంది, ఒకచోట వెనకుంటుంది, ఒకచోట మాయమవుతుంది. దిద్దుబాటుకు అర్జీ పెట్టిన నాటి కార్యదర్శి నెల తిరిగేసరికి ఉండడు. పక్క ఊరి కార్యదర్శి ఇన్‌చార్జిగా వారానికి రెండు రోజులు వస్తాడు. అర్జీ ఏ ఫైలులో ఉందో ఆయనకు తెలియదు. కాగితమే పౌరసత్వానికి సాక్ష్యమని మనలను పదేపదే భయపెడుతున్న కాలంలో, ఆ కాగితం రాసే చేయి ఆర్నెల్లకొకసారి మారడం చిన్న విషయం కాదు.

మరి ఆ కుర్చీ కింద మిగిలినవారు ఏమి చేయాలి? మొదటిది, నోటిమాట ఆదేశాన్ని నోటిమాటగా వదలకూడదు. "తమరు ఈ ఉదయం ఫోనులో ఆదేశించిన ప్రకారం ఈ పని చేపడుతున్నాను" అని ఆ రోజే రాసి పంపాలి. మర్యాద తప్పనవసరం లేదు. కోపిష్టి అధికారి సైతం రాతను చూసి ఒక్క క్షణం ఆగుతాడు. అంతకన్నా ముఖ్యమైనది చార్జి అప్పగింత. క్యాష్‌బుక్కు, పన్ను డిమాండు రిజిస్టరు, జనన మరణ రిజిస్టర్లు, తీర్మానాల పుస్తకం, చెల్లించని బిల్లులు, పెండింగు అర్జీలు, డిజిటల్ సంతకం కీ: ఒక్కొక్కటి జాబితాలో రాసి ఇద్దరూ సంతకం చేయనిదే కుర్చీలో కూర్చోకూడదు. తొందరలో సంతకం పెట్టినవారు ఎవరో చేసిన ఖర్చుకు ఆడిట్ అభ్యంతరాలు మోయవలసి వస్తుంది. వెళ్లిపోదలచినవారు కోపంలో ఒక్క వాట్సాప్ సందేశం పెట్టి రాకూడదు. రిలీవింగ్ ఉత్తర్వు లేకుంటే మరుసటి ఉద్యోగంలో చిక్కు. మహిళా ఉద్యోగి విషయంలో గద్దింపు హద్దుదాటి లైంగిక వేధింపు అయితే 2013 చట్టం ఉంది. పదిమందికి తక్కువ ఉన్న కార్యాలయం వారు జిల్లా స్థాయి స్థానిక కమిటీకి మూడు నెలలలోగా ఫిర్యాదు చేయవచ్చు.

ప్రభుత్వాన్ని మేము కోరేది పెద్దదేమీ కాదు. ఏ మండలంలో, ఏ అధికారి హయాంలో ఎంతమంది రాజీనామా చేశారో, బదిలీ కోరారో ఏటా లెక్క తీసి బయట పెట్టాలి. ఎండిన మొక్కలను లెక్కపెట్టగలిగినవారికి వెళ్లిపోయిన మనుషులను లెక్కపెట్టడం కష్టమా?

ఇక్కడ మన ఇంటి సంగతి కూడా చెప్పక తప్పదు. కొందరికి కష్టం కలిగినా సరే. మన సంస్థలు నడిపే బడులలో, మదర్సాలలో, ట్రస్టు కార్యాలయాలలో ఉపాధ్యాయులు ఏడాదికి ఏడాది మారిపోతున్నారంటే దానికీ ఇదే ప్రశ్న వర్తిస్తుంది. "ఖిద్మత్" అని పిలిచి తక్కువ జీతం ఇస్తాం, అందరి ముందు మందలిస్తాం, నియామక పత్రం అడిగితే నమ్మకం లేదా అంటాం. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కార్మిక సంహితలు నియామక పత్రాన్ని తప్పనిసరి చేశాయి. సర్కారు దగ్గర హక్కులు అడిగే మనం మన కమిటీ సదర్ సాబ్‌ను ఆ ఒక్క కాగితం అడగలేమా?

ఆ తండ్రితో ఇవన్నీ చెప్పాం. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. కుమారుడు ఇప్పుడు దుకాణంలో సాయం చేస్తూ మరొక పరీక్షకు చదువుతున్నాడు. మేము లేవబోతుండగా అతనికి ఫోను వచ్చింది. అతని తరువాత వెళ్లిపోయిన వ్యక్తి స్థానంలో కొత్తగా చేరిన కార్యదర్శి, పాత జనన రిజిస్టరు ఏ బీరువాలో ఉందని అడుగుతున్నారు. అతను ఓపికగా చెప్పాడు.